మంగళవారం మంచం

ఒంట్లో బాగున్న రోజున నాకు భయం వేస్తుంది.

ఆదివారమంతా సైకిలు తొక్కి, ఊళ్లు తిరిగి, గొంతు పోయేదాకా ఉపన్యసించి వచ్చినవాడు సోమవారం పొద్దున తేలిగ్గా లేచి, బడికి పోయి, పాఠం దంచి చెప్పి వస్తే ఎవరైనా సంతోషిస్తారు. నేనూ చాలాకాలం సంతోషించాను. ఆ సంతోషం వెనక ఏం కాచుకుని కూర్చుందో తెలిసేసరికి నా జబ్బు నా ఒక్కడి విషయంగా మిగల్లేదు. మా వీధి మూలన ఉండే ఒక ముసలాయన నోట్లోని పళ్లు దానిమీద ఆధారపడి ఉన్నాయి.

ఎనభైల నడుమ నకిరేకల్‌కు కొద్ది దూరంలో ఒక ఊళ్లో నేను హైస్కూలు టీచర్ని. వారమంతా బడి, ఆదివారం మంత్రాలు లేవని ప్రచారం. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో అప్పుడు బాణామతి మాట వినని ఊరు లేదు. బర్రె పాలివ్వడం మానేసినా, కొత్తకోడలికి నోట మాట పడిపోయినా ఎవరో చేశారనే అనేవారు. ఆ ఎవరో ఎప్పుడూ దిక్కులేని మనిషే అయ్యేది. యాభై ఎకరాలున్నవాడు, ఎదిగిన కొడుకులున్నవాడు బాణామతి చేసినట్టు నేను ఒక్క ఊళ్లోనూ వినలేదు. మంత్రానికి అంత బలముంటే అది నేర్చినవాడు కప్పు కారే గుడిసెలో ఎందుకుంటాడని ప్రతి సభలోనూ అడిగేవాణ్ని. కత్తికి ముందే మందు పూసి నిమ్మకాయ కోసి నెత్తురు కార్పించేవాణ్ని, తర్వాత ఆ మందు సీసా జనం చేతికిచ్చి వాళ్లనే కోయమనేవాణ్ని.

అనుమానం ముదిరితే ఊరివాళ్లు ఏం చేసేవారో చెప్పాలి. పళ్లు ఊడబెరికేవారు. పళ్లు లేని నోట మంత్రం సరిగ్గా పలకదని వాళ్ల నమ్మకం. ఒక ఊళ్లో సభ అయ్యాక ఒక అవ్వ నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. పేరడిగాను. చెప్పింది, నాకు అర్థం కాలేదు. మళ్లీ అడిగాను. ఆమె మళ్లీ చెప్పకుండా చెంబు తీసుకుని వెళ్లిపోయింది. ఆమెకు ఆ పని జరిగి ఏడాది కాలేదని తిరుగుదారిలో తెలిసింది. నా ఉపన్యాసాలన్నిటికీ ఆ కొంగు ఒక్కటే కారణం.

ఇక జబ్బు సంగతి. ఒక వానాకాలం ఊళ్లో సగంమందికి జ్వరం వచ్చింది, నాకూ వచ్చింది. అందరికీ పోయినట్టే నాకూ పోయింది. కాని అందరూ పొలాలకు వెళ్లిపోయారు, నేను మాత్రం వారం వారం మంచాన పడసాగాను.

మంగళవారం పొద్దున కళ్లు తెరిస్తే చేయి లేచేది కాదు. నొప్పి అంటే తక్కువ చెప్పినట్టు. తడి ఇసుక నింపిన గోనెసంచులు కాళ్లకూ చేతులకూ కట్టినట్టుండేది. గొంతులో ఒరిపిడి. మెడకు రెండువైపులా బిళ్లలు ఉబ్బి, తాకితే సలిపేవి. వెలుతురు కళ్లల్లో గుచ్చుకునేది, అందుకని నా భార్య కిటికీకి గోనెపట్టా కట్టేది. పక్కింట్లో రోకలి పోటు నా తలలోనే పడేది. నిద్రపోతే అలసట తీరాలి కదా, నేను నిద్ర లేచేసరికి పడుకున్నప్పటికన్నా ఎక్కువ అలిసిపోయి ఉండేవాణ్ని. మాటలతో బతికే మనిషికి మంచినీళ్లు అడుగుదామంటే చెంబు అనే మాట దొరికేది కాదు. గురువారానికో శుక్రవారానికో గోడ పట్టుకుని లేచేవాణ్ని. ఆదివారం మళ్లీ సైకిలెక్కేవాణ్ని.

నల్లగొండలో ఒక డాక్టరుకు చూపించుకున్నాను. రక్తం బాగుంది, గుండె బాగుంది, క్షయ లేదు, కామెర్లు లేవు. “ఆలోచనలు తగ్గించుకొని పొద్దుపొద్దున నడవండి సార్” అన్నాడు. నడిచాను. ఇంకా చెడింది. మందు వేసుకుంటే జబ్బు పెరిగితే మందును అనుమానిస్తాం. నడకను అనుమానించాలని నాకు తోచలేదు, ఆయనకూ తోచలేదు. నడక మంచిదని అందరూ ఒప్పుకున్నదే కదా. అందరూ ఒప్పుకున్నదాన్ని ప్రశ్నించమని ఊరూరా చెప్పే నేను దీన్నొక్కదాన్ని వదిలేశాను.

మా వీధి మూలన కళాయి తాత ఉండేవాడు. ఇత్తడి గిన్నెలకు లోపల తగరం పూత వేసే ముసలి ముస్లిం. భార్య పోయింది. ఉన్న ఒక్క కూతురినీ కొల్లాపూర్‌లో ఇచ్చాడు. ఊరందరికీ ఆయన తాతే. సోమవారం మా ఊళ్లో అంగడి. చుట్టుపక్కల పల్లెలవాళ్లు అంగడికి వస్తూ గిన్నెలు తెచ్చేవారు కాబట్టి ఆయన కొలిమి తిత్తి ఎక్కువగా సోమవారమే ఊదేది. బడి వదిలాక నేనక్కడ రాయి మీద కూర్చుని చాయ్ తాగేవాణ్ని. బొగ్గుల మీద గిన్నె కాలుతుంటే ఆయన పట్టుకారుతో దాన్ని తిప్పుతూ నవసాగరం పొడి చల్లేవాడు. తెల్లటి పొగ గుప్పున లేచేది. ఆ పొగలోనే తగరం కడ్డీ తాకించి, పత్తితో ఒక్క చుట్టు తుడిచేసరికి నల్లటి గిన్నె అద్దమయ్యేది. ఆ ఒక్క చుట్టులో చేయి ఆలస్యం కాకూడదు. అందుకని ఊపిరి బిగబట్టి, పెదవులు కదుపుతూ ఏదో లెక్క పెట్టుకునేవాడు.

“ఏం సారూ, నిన్న ఏ ఊరి దేవున్ని ఎల్లగొట్టొచ్చినవు?” అనేవాడు నన్ను చూడగానే.

“దేవున్ని కాదు తాతా, దయ్యాన్ని.”

“ఇద్దరు ఒక్క కిరాయింట్లనే ఉంటరు బేటా. ఒకన్ని ఎల్లగొడ్తే ఇంకొకడు మూట సర్దుకుంటడు.”

“మరి నీకు కోపం రాదా? నమాజు చేసేటోనివి.”

“నువ్వు లేడంటవు, ఆయన ఊకుంటడు. ఆయనకే లేని కోపం నాకెందుకు? చాయ్ తాగు, సల్లారుతాంది.”

సోమవారం సాయంత్రాల్లో నేను బాగా మాట్లాడేవాణ్ని. నవ్వేవాణ్ని. దారినపోయేవాళ్లు అది చూసేవారు. మర్నాడు నేను మంచంలో ఉండేవాణ్ని. వాళ్లు అదీ చూసేవారు.

ఒకరోజు నా భార్య బోరింగు దగ్గర్నుంచి వచ్చి బిందె దించి, నా మంచం పక్కన నిలబడింది.

“నేను పోంగనే మాటలు బంద్ చేసిండ్రు.”

“ఏమంటుండ్రు?”

“సారు మంగళారమే పడ్తుండు, సోమారం పొద్దుమీకి యాడ కూసుంటడు, ఎవని చేతి చాయ్ తాగుతడు అని. ఇంటింటికి స్టీలు గిన్నెలొచ్చి తాత పని పోయిందట, అందుకే ఊరి మీద కడుపుమంటట. పొగల ఏందో చదువుతడట.”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. “నవ్వకు. వేరే ఊళ్లల్ల గిట్లనే మొదలైందని నువ్వే చెప్తవు గదా” అంది.

రెండు రోజులకు మా ఇంటి ఆసామి వచ్చాడు. మేమున్నది ఆయన ఇంట్లోనే, ముందరి రెండు గదులు మాకు కిరాయికిచ్చాడు. మెట్ట చెల్కలూ, నీళ్లు పారే తరి పొలం కొంతా ఉన్న రైతు. ఆయన చెడ్డవాడైతే నాకు సులువయ్యేది. నేను నడవలేని రోజుల్లో బండి కట్టి బడికి దింపినవాడు, నా భార్యను చెల్లె అని పిలిచి కూరగాయలు పంపేవాడు. కండువా గుంజకు తగిలించి, మంచం అంచున కూర్చుని, చాలా మెత్తగా చెప్పాడు.

“నీకు తెల్వకుంట చెయ్యాలనుకున్నం సారూ. గని చెల్లె మొఖం చూడలేక చెప్తున్న. దీపావళి అమాస లోపట పని అయిపోతది. ఎన్కశీరి నీకు మంచిగైతది.”

“ఏం పని?”

ఆయన నాలుకతో తన పళ్లను ఒకసారి తడుముకున్నాడు.

“వానిదే పట్టుకారున్నది గదా” అన్నాడు లేస్తూ.

నేను అరిచాను. బాణామతి లేదని ఊరూరా చెప్పే మనిషి పేరు మీదనే ఒక ముసలాయన నోరు పగలగొడతారా అన్నాను. ఆయన గడప దగ్గర ఆగి, “లేదని చెప్పినవనే నిన్ను పట్టింది సారూ. నువ్వు మంచోనివి, నీకు తెలుస్తలేదు” అన్నాడు. ఠాణాకు వెళ్లి చెప్పాను. ఏమైనా జరిగిందా అని అడిగారు. జరగలేదన్నాను. జరిగితే రమ్మన్నారు.

తర్వాతి మంగళవారం చీకటి గదిలో పడుకుని ఆలోచించాను. ఆ స్థితిలో ఆలోచన అంటే ఒక మాట పట్టుకుంటే ఇంకో మాట జారిపోవడం. సభల్లో ఇలాంటివాటికి నా దగ్గర సిద్ధంగా ఒక జవాబుండేది: కాకతాళీయం. కాని నాకు నేను అబద్ధం చెప్పుకోలేకపోయాను. నేను పడుతున్నది మంగళవారమే. ఊరు చూసింది సరిగ్గానే చూసింది. నేను ఇన్నాళ్లూ దాన్ని కొట్టిపారేసింది తప్పని తేల్చి కాదు, మంత్రమనే మాటతో ముడిపడి వచ్చిందని. కళ్లు అబద్ధం చెప్పలేదు, కారణమే అబద్ధం. మరి అసలు కారణం ఏది?

నా భార్య గంజి తాగిస్తుంటే ఆమెనే అడిగాను, నేను పడని మంగళవారం ఎప్పుడైనా ఉందా అని. ఆమె గ్లాసు పక్కన పెట్టింది.

“గా వాగొచ్చిన ఆదివారం యాదికున్నదా? సైకిలు పోక ఇంట్లనే పన్నవు. సోమారం తాత కాడ కూసోనే కూసున్నవు. మంగళారం మంచిగ లేచి నాకు కట్టెలు గూడ కొట్టిచ్చినవు. నేను ఊరందరికి చెప్పుకున్న.”

“తర్వాత?”

“తర్వాతేముంది...” ఆమె ఆగింది. “బేస్తారం పడ్డవు.”

కట్టెలు కొట్టింది మంగళవారం, పడ్డది గురువారం. అప్పుడు నాకు ఎన్నికల డ్యూటీ గుర్తొచ్చింది. బుధవారం పెట్టెలు మోసి, పొద్దంతా నిలబడి వచ్చాను. గురువారం నాకేమీ కాలేదని తోటి టీచర్ల దగ్గర గొప్పలు చెప్పుకున్నాను. శుక్రవారం వంగి చెప్పులు తొడుక్కోలేకపోయాను. అంతకుముందు సెలవుల్లో బావి దగ్గర నీళ్లు చేది మొక్కలకు పోసిందీ అంతే. ఎప్పుడు చూసినా కష్టం ఒక రోజు, నడుమ ఒక రోజు హుషారు, ఆ తర్వాత మంచం. వారం మొత్తంలో నన్ను కొట్టేది ఆదివారం. దెబ్బ తెలిసేది మంగళవారం. నడుమనున్న సోమవారం అమాయకంగా నవ్వుతూ తిరుగుతుంటే, ఆ నవ్వు పక్కన కూర్చున్న పాపానికి తాత దొరికిపోయాడు.

సంతోషించాలి. కాని హుషారుగా ఉన్న ప్రతిరోజునూ నేను ఇక నమ్మలేనని అప్పుడే అర్థమైంది.

ఆసామిని పిలిపించి అంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. తెలివైనవాడు, వాదించాడు.

“సారూ, నేను పొద్దంత నాగలి దున్నుత. నడుము ఎప్పుడు గుంజుతది? గా పొద్దుమీకే. మా అంటే తెల్లారి. ఎండ దెబ్బ ఎండలనే తాకుతది. కష్టమన్నది ఒక దినం దాగుండి, నవ్విచ్చి, ఎన్కశీరి కొడ్తదా? దాగుండి కొట్టేది మంత్రమే.”

“కుక్క కరిస్తే రోగం ఎప్పుడొస్తది?”

“అది విషం.”

“నా ఒంట్ల కష్టం విషమైతాంది అనుకో.”

“నాకెందుకు అయితలేదు మరి?”

దానికి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. ఆ జబ్బుకొక పేరుందని, కష్టం తర్వాత ఆగి వచ్చే ఆ దెబ్బే దాని గుర్తని చాలా ఏళ్ల తర్వాత హైదరాబాదులో ఒక డాక్టరు చెప్పాడు. ఆ రోజు నా చేతిలో ఉన్నది పరీక్ష ఒక్కటే. ఈ ఆదివారం ఎక్కడికీ పోను, సోమవారం ఊరందరి ఎదుటా తాత చాయ్ తాగుతాను, మంగళవారం బడికి నడిచి వెళ్తాను చూడండి అన్నాను. అలాగే చేశాను. మంగళవారం బడికి వెళ్తుంటే ఆసామి అరుగు మీద నిలబడి చూశాడు.

సాయంత్రం అడిగాను, ఇప్పుడేమంటావని.

“వానికి మన సంగతి తెలిసింది. భయపడి ఆగిండు” అన్నాడు.

సభల్లో ఇలాంటి జవాబుకు నేను చప్పట్లు కొట్టించేవాణ్ని. ఆ రోజు చప్పట్లు కొట్టేందుకు జనం లేరు. పడితే తాత చేసినట్టు, పడకపోతే తాత ఆపినట్టు. ఆ తలుపు అన్నివైపులా మూసే ఉంది. ఒక్క సందు కనిపించింది. తాత ఊళ్లో లేనప్పుడు, మంగళవారం కాని రోజున, ముందే చెప్పి నేను పడాలి. ఫలానా రోజు బాగుంటాను, ఫలానా రోజు లేవను అని చావడిలో అందరిముందు చెప్పి, చెప్పినట్టే పడాలి.

“పడ్తెనేమో పడ్తవు. లేస్తవని ఎవరు చెప్పిండ్రు?” అంది నా భార్య. “ఒక్కోసారి ఎక్కువ దినాలు పడుతాంది. నేను చూస్తలేనా? బదిలీ అడుగు. పోదాం.”

“మనం పోతం. తాత?”

ఆమె పొయ్యిలో కట్టె ఎగదోసింది.

తాత దగ్గర ఇంకా కష్టమైంది. “నేను పోతె ఒప్పుకున్నట్టే గదా సారూ” అన్నాడు. ఆయనకు అన్నీ తెలుసు. నెలరోజులుగా ఎవరూ గిన్నె తేవడం లేదు, నేను తప్ప ఎవరూ పలకరించడం లేదు. “ఈ ఊళ్ల ఎవలింట్ల అన్నం గిన్నె నా చేతికి రాలేదు? అందరి గిన్నెల అడుగు నాకెరుక. ఇప్పుడు నా చేతి పొగ పాడైందా?” మళ్లీ తనే నవ్వాడు. “నీతోని చాయ్ తాగి ఖరాబైన బేటా. దేవుడు లేడంటే ఊకున్న. ఆయన ఊకోలేదు.”

నాకు నవ్వు రాలేదు. బతిమాలాను. చివరికి కూతురింటికి కొల్లాపూర్ బయల్దేరాడు. వెళ్లే పొద్దున ఒక గుడ్డలో చుట్టి పట్టుకారు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“తిత్తి ఇంట్లనే ఉన్నది, ఎవడన్న తీస్కపోనీ. గిది మాత్రం నీకాడ పెట్టు. వాళ్లకు దొరకొద్దు.”

అది చాలా బరువుంది. మంచం కింద పెట్టాను.

గురువారం అనుకున్నాం. పని కూడా ఆసామే ఎంచాడు. “సైకిలు తొక్కుడు కష్టం గాదు. నా చెల్కల పల్లికాయ పీకు” అన్నాడు. వానలు వెనకబట్టి ఎర్రనేల గట్టిపడి ఉంది. కూలీల వరసలో నేనూ వంగాను. చెట్టు పట్టి గుంజితే ఆకు చేతికొచ్చి కాయ నేలలోనే ఉండేది.

“సారూ, సుద్దముక్క గాదు ఇది” అంది ఒకామె. అందరూ నవ్వారు.

“సారు పీకిన సాలుకు మళ్ల మనమే తవ్వాలె” అంది ఇంకొకామె.

నేనూ నవ్వాను. ఆ నవ్వుల్లో ద్వేషం లేదు. నా కోసం ఒక మనిషి పళ్లు పీకడానికి ఒప్పుకున్న జనమే వాళ్లు. మధ్యాహ్నం వాళ్ల జొన్నరొట్టెలో సగం తుంచి నాకు పెట్టారు. అది తింటూ, ఈ చేతులేనా అనుకున్నాను. పొద్దు వాలేదాకా పీకాను.

ఆ సాయంత్రమే చావడి ముందు నిలబడి చెప్పాను. “తాత కొల్లాపూర్‌ల ఉన్నడు. నేను ఆయన చాయ్ తాగి పదిదినాలైంది. రేపు నేను మంచిగుంట, బడికి పోత. ఎల్లుండి శనివారం నేను లేవను. నన్ను కొట్టేది ఇయ్యాల్టి చెల్క. చూడుండ్రి.”

శుక్రవారం నేను బాగున్నాను. ఎప్పటికన్నా బాగున్నాను. దారిలో జనం ఆగి నన్ను చూశారు. బడిలో గొంతు ఖంగుమంది. చేతులు నొప్పెట్టాయి గాని, పల్లికాయ పీకినవాళ్లందరికీ ఉండే నొప్పే అది. మధ్యాహ్నానికి నాకు కొత్త భయం పట్టుకుంది. పడకపోతే? ఇన్నాళ్లుగా ఏ రోగాన్ని తిట్టుకుంటున్నానో అది రావాలని ఎదురుచూస్తూ కూర్చున్నాను. సాయంత్రం ఆసామి ఎదురొచ్చాడు. “ఏంది సారూ, మంచిగనే నడుస్తున్నవు?” అన్నాడు. ఆ గొంతులో నా మేలు కోరే మనిషి నిరాశ వినిపించింది. అమావాస్య దగ్గర్లోనే ఉంది.

దీపాలు పెట్టే వేళ తలుపు గొళ్లెం తీయబోయాను. గొళ్లెం అనే మాట గుర్తు రాలేదు. అక్కడే నిలబడ్డాను. మెడ తడుముకున్నాను. కుడివైపు బిళ్ల చేతికి తగిలింది. బల్బు వెలుగు కంటి వెనక సన్నగా పొడుస్తోంది. అరికాళ్ల నుంచి బరువు ఎక్కుతోంది. ఇంతకుముందు ఎన్నో సోమవారాల సాయంత్రాల్లో ఇవే వచ్చి ఉంటాయి. చలిగాలి అనుకుని, పొగ అనుకుని, మాటల సందడిలో వదిలేశాను. ఇప్పుడు ఒక్కొక్కటీ పేరు పెట్టి పిలిచినట్టు వచ్చాయి.

“వస్తాంది” అన్నాను నా భార్యతో. ఆమె కిటికీకి గోనెపట్టా కట్టింది.

శనివారం ఊరు మా గుమ్మంలో నిలబడి నన్ను చూసిందట. నాకు తెలిసింది తలుపు వెలుగుకు అడ్డంగా నీడలు కదలడం, ఎవరో దగ్గి నోరు మూసుకోవడం. ఆసామి గడప మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. “చెప్పినట్టే పడ్డడు” అన్నాడు చివరికి. ఆ మాట చాలా నోళ్లలోంచి మళ్లీ మళ్లీ వినిపించింది. చెప్పినట్టే పడ్డడు. నేను గెలిచాననుకున్నాను.

అమావాస్య వచ్చి పోయింది. తాత ఇంటి తాళం ఎవరూ ముట్టుకోలేదు. ఇంకొన్నాళ్లకు ఆయన తిరిగొచ్చి తిత్తి ఊదాడు. గిన్నెలు కూడా వచ్చాయి. ఆయన పళ్లు ఆయన నోట్లోనే ఉన్నాయి.

నేను మాత్రం లేవలేదు. ఇంతకుముందు రెండు మూడు రోజులకు లేచేవాణ్ని. ఈసారి కార్తీకమంతా గోనెపట్టా వెనకే గడిచింది. అన్నం కలిపిన చేయి నోటిదాకా రాక నా భార్య తినిపించేది. బడికి సెలవు పెట్టాను. ఎక్కడిదాకా వెళ్తే లోతు అందదో తెలిసి తెలిసి అక్కడికే దిగాను, మళ్లీ పాత గట్టు దొరకలేదు. ఇన్నేళ్లయినా దొరకలేదు.

ఆ రోజుల్లో ఒకనాడు ఆసామి వచ్చాడు. లోపలికి రాలేదు. చెప్పులు దూరంగా విడిచి, గడప బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“సారూ, మా కోడలికి నెలలు నిండినయి. ఏ దినం కంటదో, ఎట్ల కంటదో జర చెప్పు.”

“నాకెట్ల తెలుస్తది?”

“నువ్వు పడే దినం చెప్పినవు గదా.”

“అది నా ఒళ్లు. నా ఒంటి లక్షణం చూసి చెప్పిన. అందరి సంగతి నాకేం తెలుసు?” గొంతు పెంచబోతే ఊపిరి అందలేదు.

“చెప్పవు సరే” అన్నాడు ఆసామి. దండం పెట్టి వెళ్లిపోయాడు.

కాన్పు కష్టమైంది. బిడ్డ దక్కలేదు.

ఆ తర్వాత పాలు పోసే ఆమె గడప దాటి రావడం మానేసి, గిన్నె అరుగు మీద పెట్టి పోయేది. బోరింగు దగ్గర మళ్లీ మాటలు ఆగిపోతున్నాయని నా భార్య చెప్పింది. కూరగాయలు రావడం ఆగిపోయింది. ఎదురింటివాళ్లు మా వైపు తలుపు తీయకుండా పెరటి దారిన తిరగసాగారు. మంత్రం లేదని నేను నిరూపించాననుకున్నాను. వాళ్లు చూసింది వేరు. ఒక మనిషి రోజు చెప్పాడు, ఆ రోజున అది జరిగింది. ఎవరో ఒకరి చేతిలో ఆ విద్య ఉండాల్సిందే. అది తాత చేతిలో లేదని తేలింది.

చలికాలం వెనకబడ్డాక కొద్దిగా లేచాను. నల్లగొండకు బదిలీ కాగితం వచ్చింది. మంగళవారం పొద్దున బయల్దేరుదామని, ఆదివారం నా భార్య వద్దంటున్నా పుస్తకాలు మూటలు కట్టాను. సోమవారం సాయంత్రం తాత వచ్చాడు. మంచం కింద నుంచి పట్టుకారు తీసి ఇవ్వబోయాను. పుచ్చుకోలేదు.

“నీకాడనే ఉండనీ బేటా. నేను వేరేది చేయించుకున్న.”

“ఎందుకు తాతా? నీకిప్పుడు ఫికర్ లేదు గదా.”

“నాకు లేదు” అన్నాడు తాత. నా మొహంలోకి చూడకుండా నా నోటి వంక చూశాడు. “అంగట్ల ఏందో అనుకుంటుండ్రు. నిన్ను జూస్తె మాటలు ఆపుతరు గని, నన్ను జూస్తె ఇప్పుడు ఆపుతలేరు.”

ఆ మాట విన్నాక నేను గమనించింది ఒక్కటే. ఆ రోజు నాకు ఒంట్లో చాలా బాగుంది. తేలిగ్గా నిలబడి ఉన్నాను. చాలా వారాల తర్వాత గొంతు గట్టిగా పలుకుతోంది. నిన్న మూటలు కట్టాను. రేపు ఈ మంచం మీద చేయి కూడా ఎత్తలేని మనిషిగా ఉంటాను, తలుపు తోసి ఎవరు వచ్చినా.

“బండి రేపు గాదు. ఇప్పుడే” అన్నాను.

నా భార్య వెంటనే ఒక మూట ఎత్తుకుంది. తాత అంగడికొచ్చిన పక్క ఊరి బండి ఒకటి మాట్లాడి తెచ్చాడు. మంచం, సగం మూటలు అక్కడే వదిలేశాం. వీధి దాటుతుంటే ఆసామి అరుగు మీద నిలబడి ఉన్నాడు. నేను దండం పెట్టాను. ఆయన పెట్టలేదు. నాలుకతో పళ్లు తడుముకున్నాడో లేదో ఆ మసక వెలుగులో నాకు సరిగ్గా కనిపించలేదు.

మంగళవారం నల్లగొండలో ఒక కిరాయి గదిలో, ఎవరూ ఎరుగని వీధిలో, చాప మీద పడి ఉన్నాను. కిటికీకి కట్టడానికి గోనెపట్టా లేదు. నా భార్య తన చీర మడత పెట్టి కట్టింది, తలుపుకు లోపల పట్టుకారు అడ్డం పెట్టింది.